అందరి యంత్రం - ఎవరి గది వారిది

తూర్పు కనుమల అడవుల నడుమ, డొంకరాయి వద్ద సీలేరు నదిపై ఒక జలాశయం ఉంది. ఎగువన 240 మెగావాట్ల సీలేరు విద్యుత్ కేంద్రాన్ని నడిపిన నీరే ఇక్కడికి చేరుతుంది. ఆ నీరే డొంకరాయిలోని 25 మెగావాట్ల యంత్రాన్ని తిప్పి, కాలువ వెంట సాగి, 460 మెగావాట్ల సామర్థ్యంతో నిర్మించిన పొల్లూరు కేంద్రానికి అందుతుంది. కేంద్రానికొక నదిని ఎవరూ వెదకలేదు. ఆ విద్యుత్తును వాడే గృహస్థుడు కూడా తనకొక ఆనకట్ట కట్టుకోడు. తీగ కలుపుకొని, మీటరు చూపినంత చెల్లిస్తాడు.

గణన శక్తి సైతం ఒకనాడు టెలిఫోను వలె ప్రజోపయోగ సేవ కాగలదని 1961లో జాన్ మెకార్తీ అనే శాస్త్రవేత్త ఊహించాడు. నాటి పెద్ద కంప్యూటరు ఒక గదినంతా ఆక్రమించేది. దాని వెల సామాన్య సంస్థలకు అందనిది. దాని ముందు కూర్చున్న వ్యక్తి ఆలోచనలో పడితే అంతటి యంత్రమూ ఊరక నిలిచిపోయేది. ఈ వ్యర్థానికి అదే సంవత్సరం అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కార్బటో బృందం ఒక ఉపాయం చూపింది. యంత్రం ఒకరి పనిని క్షణంలో కొంతభాగం చేసి, ఆపిన చోటును గుర్తుంచుకొని, మరొకరి పనిని అందుకొంటుంది. ఈ మార్పు అతివేగంగా జరగడం వల్ల ప్రతివారికీ యంత్రం తమ ఒక్కరిదే అనిపిస్తుంది. దీనికి కాల విభజన పద్ధతి అని పేరు. 2006లో అమెజాన్ సంస్థ కంప్యూటర్లను గంటల లెక్కన అద్దెకు ఇవ్వసాగింది. నేడు క్లౌడ్ అని పిలిచే సేవలకు మూలం ఈ భాగస్వామ్యమే.

అయితే విద్యుత్తుతో పోలిక కొంతదూరమే వస్తుంది. సీలేరుకు ఎగువనున్న మాచ్‌ఖండ్ విద్యుత్తును ఆంధ్రప్రదేశ్, ఒడిశా పంచుకొంటున్నాయి. అక్కడ పరిమాణం సరిపోతే చాలు; ఒక యూనిట్‌కు మరొక యూనిట్ సమానమే. సమాచారం అట్టిది కాదు. డొంకరాయి పింఛనుదారు ఖాతా, హైదరాబాదు వర్తకుని ఖాతా ఒకే యంత్రంలో ఉండవచ్చు. ఒకటి మరొకటిగా మారితే, లేదా ఒకరిది మరొకరి కంటపడితే, జరిగే నష్టం చిన్నది కాదు.

అందువల్ల ప్రతి నమోదుకూ దాని యజమానిని తెలిపే గుర్తును జతచేస్తారు. జ్ఞాపకశక్తిలో ఒకరి భాగంలోకి మరొకరు ప్రవేశించకుండా హద్దులు నిర్ణయిస్తారు. ఒకే వినియోగదారుడు యంత్రాన్నంతా ఆక్రమించి ఇతరుల పనులను కుంటుపరచకుండా పరిమితి విధిస్తారు.

ఈ గోడలు అభేద్యాలని చాలాకాలం నమ్మారు. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే లోపాలు వెల్లడయ్యాయి. వేగం కోసం ప్రాసెసర్లు ముందుగా చేసిపెట్టే పనుల జాడలను బట్టి, ఒక ప్రోగ్రాము తనది కాని సమాచారాన్ని పసిగట్టగలదని తేలింది. సవరణలు వచ్చాయి; వాటివల్ల కొన్ని పనుల వేగం తగ్గింది. అత్యంత గోప్యమైన సమాచారం గల కొన్ని సంస్థలు నేటికీ, ఖర్చు ఎక్కువైనా, ఇతరులెవరూ పంచుకోని యంత్రాన్నే అద్దెకు తీసుకొంటున్నాయి.