దిద్దిన కొండ

గత మార్గశిరమున పిల్లలతో గూడ పాడేరు సమీపమందలి వంజంగి కొండ నెక్కితిమి. చీకటితో బయలుదేరి శిఖరము చేరుసరికి తూర్పు తెల్లవారుచుండెను. లోయలన్నియు మబ్బుతో నిండి, కొండకొనలు మాత్రము దీవులవలె పైకి దేలియుండెను. చలికి వ్రేళ్లు కొంకర్లు పోవుచున్నను చేతిఫోనుతో నొక పటము తీసితిని.

ఇంటికి వచ్చి బంధువులకు పంపగా అందఱును "అద్భుతము" అనిరి. సోదరీమణులారా, మనవారి మెప్పు పెండ్లిభోజనముమీది మెప్పు వంటిది. దానినిబట్టి పులుసులో ఉప్పెంతయో తెలియదు. కావున మావారి పాఠశాలలోని డ్రాయింగు మాస్టరుగారికి చూపితిని. ఆయన చాలసేపు చూచి, "అమ్మా, ఆనాడు మబ్బు ఏ రంగున నుండెను?" అని యడిగిరి. "పాలవలె తెల్లగా" నంటిని. "మఱి పటములో గోనెపట్టవలె నున్నదే!" అనిరి. రోషము వచ్చినది గాని, మాట నిజమే.

కారణమును ఆయనయే చెప్పిరి. ఎదుటి దృశ్యము వెలుగునీడల సగటున నుండునని తలచి కెమెరా వెలుగును కొలుచునట. అంతయు తెల్లనిదైనపుడు వెలుగు మిక్కుటమైనదని భ్రమించి తగ్గించివేయును. కావున మంచు, మబ్బు తీయునపుడు మనమే కొంచెము పెంచవలెను. అయితే సూర్యుని చుట్టును వివరము మాసిపోవునంతగా పెంచిన, పోయినది మరల రాదు. మబ్బు అంచు ఎడమకు వాలినదనిరి. కుడిమూల ఎవరో పారవేసిన ప్లాస్టిక్ గ్లాసున్నది. ఎడమమూల టీ అమ్ము స్త్రీ యున్నది. "ఈ రెండును తీసివేయుడు, చూపు కొండలమీదికి పోవును" అనిరి.

ఆ రాత్రియే దిద్దితిని. వాలు సరిచేసి, వెలుగు పెంచి, గ్లాసు తుడిచి, ఎడమ అంచు కోసివేసితిని. అంతటితో చేయి ఊరకుండునా! రంగులు గాఢము చేయగా ఆకాశము నేరేడుపండు వలె నాయెను. స్ఫుటత్వము పెంచగా కొండలు కత్తెరతో కత్తిరించి అంటించినట్లు తెల్లని అంచులు దాల్చెను. మంచుపొరను తొలగించు మీట నొక్కితినో లేదో, దూరపుకొండలు ముంగిట వచ్చి కూర్చుండెను! గాలి నీలికాంతిని హెచ్చుగా చెదరగొట్టుటచే గదా దూరపుకొండలు నీలముగా దోచుట. అవి నునుపన్న సామెతను నా ఫోను వినలేదు కాబోలు.

ఉదయమున మా చిన్నది పటము చూచి, "అమ్మా, నాకు చలిమంటదగ్గర చోటిచ్చిన అత్త ఏది?" అనెను. నాకు మాట పెగలలేదు.

దిద్దుటయే తప్పని నే ననను. అమెరికా ఛాయాగ్రాహకుడు ఆన్సెల్ ఆడమ్స్ 1927లో హాఫ్ డోమ్ శిలను తీయుచు, కటకమునకు ముదురెఱుపు ఫిల్టరు తొడిగి ఆకాశమును నల్లబఱచెను. ఆ గంభీరత ఆయన మనసున దోచినది. నా నేరేడురంగు నాకెన్నడును దోచినది కాదు. గ్లాసు ఎవరో విడిచిపోయినది. ఆమెకో, ఆ కొండయే యిల్లు.

అదృష్టవశమున మూలప్రతిని చెఱపలేదు. మరల మొదటినుండి దిద్దితిని. వాలు, వెలుగు, గ్లాసు, అంతే. ఎడమమూల చీకటిని మాత్రము కొంచెము పలుచన చేసితిని.

మాస్టరుగారు చూచి, "ఎడమవైపు బరువింకను పోలేదమ్మా" అని, కండ్లజోడు సవరించుకొని, "ఆమె గిన్నెనుండి లేచునది ఆవిరియా?" అనిరి. అంతకుముందు అది నాకును కనబడలేదు.

రెండు ప్రతు లచ్చువేయించితిని. ఒకటి మా ముందుగదిలో నున్నది. రెండవదానిని అట్టలోబెట్టి ఆమెకై దాచితిని. వచ్చు శీతకాలమున మరల కొండ యెక్కవలెను.