ఎస్.ఎస్. గేర్సొప్ప

ఎస్.ఎస్. గేర్సొప్ప రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో జర్మనీ జలాంతర్గామి ప్రయోగించిన టార్పెడో వలన అట్లాంటిక్ మహాసముద్రంలో మునిగిపోయిన సరకు రవాణా ఆవిరి నౌక. ఇది కలకత్తా నుండి వెండి, తేయాకు, దుక్క ఇనుముతో బయలుదేరి 1941 ఫిబ్రవరిలో మునిగినది. 70 సంవత్సరాల తరువాత, 2011లో దీని శిథిలము కనుగొనబడినది. సుమారు 4,700 మీటర్ల లోతు నుండి 110 టన్నుల వెండి వెలికితీయబడినది.

నౌక
1919లో ఇంగ్లండులోని పామర్స్ కంపెనీ దీనిని నిర్మించినది. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ దీని యజమాని. కర్ణాటకలో జోగ్ జలపాతం సమీపమున గల గేరుసొప్ప పేరు దీనికి పెట్టారు. సిబ్బందిలో అధికారులు బ్రిటిష్ వారు కాగా, అత్యధికులు లాస్కర్లుగా పిలువబడిన భారతీయ కళాసీలు.

చివరి ప్రయాణం
1940 డిసెంబరులో కలకత్తా వీడిన ఈ నౌక, ఆఫ్రికాలోని ఫ్రీటౌన్ వద్ద ఎస్.ఎల్. 64 అను నౌకల బృందంలో చేరినది. ప్రతికూల వాతావరణంలో బొగ్గు తరిగిపోవడంతో, ఫిబ్రవరి 14న బృందాన్ని విడిచి ఐర్లండులోని గాల్వే రేవు వైపు ఒంటరిగా మరలినది. ఫిబ్రవరి 16న ఒక జర్మన్ విమానం దీనిని గుర్తించినది. ఆ రాత్రి యు-101 జలాంతర్గామి ప్రయోగించిన టార్పెడో తగిలి, సుమారు 20 నిమిషాలలో మునిగిపోయినది.

రెండవ అధికారి రిచర్డ్ అయర్స్ నాయకత్వాన 31 మందితో ఒక ప్రాణరక్షక పడవ మాత్రమే దూరంగా వెళ్ళగలిగినది. వీరిలో 23 మంది భారతీయులు. మంచినీరు లేక, చలికి తట్టుకొనలేక చాలామంది దారిలోనే మరణించారు. 13వ రోజున, మార్చి 1న, ఆ పడవ ఇంగ్లండులోని కార్న్‌వాల్ తీరము చేరి అలల తాకిడికి బోల్తాపడినది. నౌకలోని 80 మందికి పైగా మనుషులలో అయర్స్ ఒక్కడే బ్రతికాడు.

అన్వేషణ
యుద్ధకాలంలో నష్టపోయిన సరకుకు బీమా సొమ్ము చెల్లించిన బ్రిటిష్ ప్రభుత్వమే దానికి హక్కుదారు అయినది. 2010లో అమెరికాకు చెందిన ఒడిస్సీ మెరైన్ ఎక్స్‌ప్లొరేషన్ సంస్థతో ఒప్పందం కుదిరినది. దీని ప్రకారం ఖర్చును సంస్థయే భరించాలి. వెలికితీసిన దానిలో ఖర్చులు పోగా నికర విలువలో 80 శాతం సంస్థకు, మిగిలినది ప్రభుత్వానికి చెందుతుంది.

మునిగిన చోటు ఖచ్చితంగా తెలియకపోవడమే ప్రధాన సమస్య. తుఫానులో నక్షత్రాలు కనబడక నౌక నమోదు చేసుకొన్న స్థానంలో తేడా రావచ్చును. అందుచేత ఇటువంటి అన్వేషణలో ముందుగా పాత పత్రాలను పోల్చి ఒక విశాల ప్రాంతాన్ని నిర్ణయిస్తారు. తరువాత తాడుతో లాగబడే సోనార్ పరికరం ధ్వని తరంగాలను పంపి, సముద్రపు అడుగు నుండి తిరిగివచ్చే ప్రతిధ్వనులతో చిత్రాన్ని తయారుచేస్తుంది. గాల్వేకు సుమారు 300 మైళ్ళ నైరుతి దిశలో ఈ విధంగా కనబడిన ఆకారాన్ని, కెమెరాలు గల రిమోట్ యంత్రంతో పరిశీలించి గేర్సొప్పగా నిర్ధారించారు. నౌక అడుగున నిటారుగా నిలిచి ఉన్నది. టార్పెడో చేసిన రంధ్రము కూడా కనబడినది.

వెలికితీత
ఆ లోతున నీటి ఒత్తిడి వాతావరణ పీడనానికి సుమారు 470 రెట్లు. గజ ఈతగాళ్ళు అక్కడికి వెళ్ళలేరు. పని అంతా రిమోట్ యంత్రాలతోనే జరిగినది. 2012లో 1,218 వెండి దిమ్మెలు, 2013లో మరో 1,574 దిమ్మెలు పైకి వచ్చాయి. బీమా చేసిన వెండిలో ఇది 99 శాతానికి పైగా ఉన్నది. ఈ వెండిలో కొంత భాగంతో బ్రిటన్ రాయల్ మింట్ స్మారక నాణేలు ముద్రించినది.

ఉత్తరాలు
వెండితో పాటు, 1940 చివరలో భారతదేశం నుండి పంపబడి గమ్యం చేరని 700కు పైగా ఉత్తరాలు కూడా లభించాయి. వెలుతురు, ప్రాణవాయువు సరిగా చేరని చోట బురదలో ఉండడం వలన కాగితము శిథిలము కాలేదు. వీటిలో కొన్నిటిని 2018లో లండన్ పోస్టల్ మ్యూజియంలో ప్రదర్శించారు.

స్మారకాలు
యుద్ధంలో మరణించి సమాధి లేని బ్రిటిష్ వర్తక నావికుల పేర్లు లండన్‌లోని టవర్ హిల్ స్మారకంపై చెక్కబడ్డాయి. భారతీయ వర్తక నౌకలలో పనిచేస్తూ మరణించిన సుమారు 6,000 మంది నావికుల పేర్లు బొంబాయి, చిట్టగాంగ్ స్మారక గ్రంథాలలో నమోదై ఉన్నాయి.