‘ఎలా అనిపించింది?’ అని యాప్ అడిగితే నిజం చెప్పండి

చెమట కారుతున్న చేత్తో ఫోన్ తీసుకున్నాను. స్క్రీన్ మీద ఒకటే ప్రశ్న: ఈరోజు వర్కవుట్ ఎలా అనిపించింది? కింద ఐదు జవాబులు. ఈజీ, మోడరేట్, హార్డ్, వెరీ హార్డ్, ఆల్ అవుట్. కాళ్లు వణుకుతున్నాయి. చివరి రెండు నిమిషాలు పళ్లు బిగబట్టి తొక్కాను. అయినా నా బొటనవేలు ‘మోడరేట్’ మీదికే పోయింది.

అక్కడ చూసేవాళ్లు ఎవరూ లేరు. పెండ్లిమర్రిలో మా మిద్దె మీద నేను, ట్రైనర్‌కు బిగించిన సైకిలు, ఒక టేబుల్ ఫ్యాను. అంతే. కానీ యాప్ ముందు కూడా పరువు కావాలనిపించింది. ఆ పరువు ఖరీదు ఎంతో ఆరు వారాల తర్వాత తెలిసింది.

వర్క్ ఫ్రం హోమ్ పుణ్యమా అని ఊరికి వచ్చాక సైకిలు మొదలుపెట్టాను. నా టార్గెట్ 200 కిలోమీటర్ల బ్రెవే. అది రేసు కాదు. పదమూడున్నర గంటల్లో పూర్తి చేస్తే చాలు. దానికోసం ఒక అడాప్టివ్ ప్లాన్ పెట్టుకున్నాను. అంటే మనం ఎలా తొక్కుతున్నామో చూసి, రాబోయే వర్కవుట్లను తనే మార్చుకునే ప్లాన్. సాయంత్రం గంటసేపు తొక్కి కిందికి దిగితే మా నాయన అడిగేవాడు.

“ఎందాక పోయినావురా?”

“ఎందాకా లేదు నాయనా. ఉన్నచోటే.”

ఆయన నవ్వేవాడు. నాకూ లోపల అదే బాధ. మూడు నెలలైనా నా ఎఫ్‌టీపీ 180 వాట్ల దగ్గరే ఉంది. ఉన్నచోటే!

నంబర్ కదలకపోతే ప్రగతి లేనట్టేనా?

ఎఫ్‌టీపీ అంటే దాదాపు గంటసేపు నిలకడగా తొక్కగలిగే శక్తి. దాన్ని వాట్లలో కొలుస్తారు. హంటర్ అలెన్, ఆండ్రూ కాగన్ రాసిన పవర్ మీటర్ పుస్తకంతో ఈ మాట సైక్లిస్టుల్లో బాగా పాకింది. గంటసేపు చచ్చేట్టు తొక్కే పని లేకుండా, 20 నిమిషాలు గట్టిగా తొక్కి, ఆ సగటులో 95 శాతం తీసుకుంటారు. ప్లాన్‌లోని వర్కవుట్లన్నీ ఈ నంబర్‌కు శాతాలుగా తయారవుతాయి.

ఇక్కడే నేను పప్పులో కాలేశాను. శాతం ఒకటే అయితే కష్టం కూడా ఒకటే అనుకున్నాను. కాదు. నా 180లో 95 శాతం అంటే 171 వాట్లు. ఆ 171 వాట్లతో ఐదేసి నిమిషాలు నాలుగుసార్లు, మధ్యలో విశ్రాంతి తీసుకుంటూ తొక్కొచ్చు. అవే 171 వాట్లతో ఇరవయ్యేసి నిమిషాలు రెండుసార్లు తొక్కొచ్చు. స్క్రీన్ మీద వాట్లు మారవు. కానీ రెండో దాంట్లో పద్నాలుగో నిమిషం దగ్గర మనిషి తన జన్మ ఎందుకా అని ఆలోచిస్తాడు.

ఈ తేడాను పట్టుకోవడానికే లెవెల్స్ వచ్చాయి. ట్రైనర్‌రోడ్ అనే సంస్థ 2021లో తెచ్చిన పద్ధతిలో ఎండ్యూరెన్స్, టెంపో, స్వీట్ స్పాట్, త్రెషోల్డ్, వీఓ2 మ్యాక్స్ లాంటి ఒక్కో జోన్‌కు ఒక్కో లెవెల్ ఉంటుంది. ప్రతి వర్కవుట్‌కూ ఒక లెవెల్ ఉంటుంది. నా లెవెల్‌కూ వర్కవుట్ లెవెల్‌కూ మధ్య ఎంత దూరమో, అదే ఆరోజు నా కష్టం. నా లెవెల్ కంటే తక్కువైతే అచీవబుల్. దగ్గర్లో ఉంటే, కాస్త పైకైనా సరే, ప్రొడక్టివ్. ఇంకా పైకి పోతే స్ట్రెచ్, ఆపైన బ్రేక్‌త్రూ. నాకు బ్రేక్‌త్రూ అయ్యే వర్కవుట్ మీకు అచీవబుల్ కావచ్చు. వర్కవుట్‌కు సొంతంగా కష్టం ఉండదు, తొక్కేవాడిని బట్టి ఉంటుంది.

లెవెల్స్ చూశాక నా మూడు నెలలు వేరేగా కనిపించాయి. ఎఫ్‌టీపీ మారలేదు. కానీ మొదట్లో ఎక్కువసేపు నిలబెట్టలేని వాట్లను ఇప్పుడు చాలాసేపు నిలబెడుతున్నాను. గోడ ఎత్తు పెరగలేదు, పునాది వెడల్పయింది. నూట డెబ్భై, నూట ఎనభై కిలోమీటర్ల దగ్గర మనల్ని కాపాడేది ఆ వెడల్పే.

ఇంకో మాట. ఎఫ్‌టీపీ పెరిగినప్పుడు లెవెల్ తగ్గుతుంది. కంగారు పడొద్దు. 180 కాస్తా 190 అయితే, 90 శాతం అనేది 162 నుంచి 171 వాట్లకు పోతుంది. అదే శాతం ఇప్పుడు ఎక్కువ బరువు. అందుకే యాప్ మెట్టు దించి మళ్లీ ఎక్కిస్తుంది.

ఆరు వారాల అబద్ధం

ఇప్పుడు నా ‘మోడరేట్’ సంగతి. వాట్లు, గుండె వేగం యాప్‌కు తెలుస్తాయి. ఆ వాట్ల కోసం మనం లోపల ఎంత చెల్లించామో తెలియదు. అందుకే అడుగుతుంది. వెరీ హార్డ్ అయినదాన్ని మోడరేట్ అన్న ప్రతిసారీ, ‘వీడికి ఇది చాలడం లేదు’ అని తర్వాతిది పెంచింది. దాని తప్పేం లేదు. తప్పుడు ఇన్‌పుట్ ఇస్తే తప్పుడు అవుట్‌పుట్ వస్తుందని నేను కాలేజీ మొదటి ఏడాదిలోనే చదువుకున్నాను!

ఐదో వారానికి నిద్ర సరిగ్గా పట్టడం మానేసింది. పొద్దున లేవగానే చూసుకునే నాడి వేగం ఎప్పటికంటే ఎక్కువ. మీటింగుల్లో కునుకు. ఆరో వారం ఒక మామూలు వర్కవుట్ సగంలో దిగిపోయాను. రిజిస్టర్ చేసుకోవాలనుకున్న బ్రెవే తేదీ నా కళ్ల ముందే దాటిపోయింది.

ఎద్దు చెప్పిన పాఠం

మా వైపు తిరునాళ్లంటే చాలాచోట్ల బండలాగుడు పోటీ ఉంటుంది. పళ్లను బట్టి విభాగాలు: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు. నిర్ణీత సమయంలో ఏ జత ఎక్కువ దూరం లాగితే బహుమతి దానిదే. మా పెదనాయనకు ఎద్దులంటే ప్రాణం. నా కథంతా విని ఆయన తన పద్ధతి చెప్పినాడు.

“నిన్న బండ లాగి, ఈ పొద్దు మేత బాగా తింటే బరువు పెంచుతా. మేత ముట్టకుండా పండుకుంటే కాడే కట్టను.”

“ఎంత పెంచుతావు పెదనాయనా?”

“ఇంకా లాగుతాననేంత. మొండికేసేంత కాదు. సరేగానీ, నీ ఫోను నీ మేత చూస్తాదా?”

“లేదు. నన్నే అడుగుతుంది.”

“అదే మరి. ఎద్దుకు అబద్ధం చెప్పేది రాదు. నీకొచ్చు.”

అడాప్టివ్ ట్రైనింగ్ గురించి ఇంతకంటే బాగా నేను ఎక్కడా వినలేదు.

వారం విశ్రాంతి తీసుకుని నిజం చెప్పడం మొదలుపెట్టాను. నా త్రెషోల్డ్ లెవెల్ ఐదు నుంచి మూడుకు పడిపోయింది. అప్రైజల్‌లో రేటింగ్ తగ్గినంత మంట పుట్టింది. కానీ ఆ మూడు నాది. ఆ ఐదు నేను కల్పించుకున్నది.

నిజం అంటే ఎప్పుడూ ‘కష్టం’ అనడం కూడా కాదు. మేలో మా దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఒళ్లు చల్లబడడానికి రక్తం చర్మం వైపు పోవాలి, గుండె ఎక్కువ కొట్టుకోవాలి. అందుకే ఏప్రిల్‌లో తేలికైన వాట్లు మేలో బరువవుతాయి. అప్పుడు వర్కవుట్‌ను తెల్లవారుజాముకు మార్చండి, ఫ్యాన్ పెట్టండి, ఐదు శాతం తగ్గించండి. మధ్యలో కరెంటు పోయి దిగిపోతే దాన్ని అలసట ఖాతాలో వేయొద్దు. ఎందుకు ఆపారని అడిగే చోట అసలు కారణమే చెప్పండి.

ట్రైనర్ లేదా? పర్లేదు

స్మార్ట్ ట్రైనర్, పవర్ మీటర్ అందరూ కొనలేరు. అవి లేకున్నా ఈ సూత్రం పనిచేస్తుంది. గున్నార్ బోర్గ్ అనే స్వీడన్ శాస్త్రవేత్త కష్టాన్ని మనిషి మాటతోనే కొలవడానికి 6 నుంచి 20 దాకా ఒక స్కేలు తయారుచేశాడు. మీరు చెప్పిన అంకెను పదితో హెచ్చిస్తే, ఆరోగ్యంగా ఉన్న యువకుల గుండె వేగానికి ఇంచుమించు దగ్గరగా వస్తుంది. ఇంకా సులువుగా కావాలంటే, తొక్కుతూ పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే తేలిక. ముక్కలు ముక్కలుగా వస్తే మధ్యస్థం. ఒక్క మాటకే ఆయాసమైతే కష్టం.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. నెలకోసారి అదే రోడ్డు, అదే సమయం. పట్టిన నిమిషాలు, అనిపించిన కష్టం, రాత్రి నిద్ర రాసుకోండి. అవే నిమిషాలకు కష్టం తగ్గితే మీరు ముందుకు పోయినట్టే. వరసగా రెండు సార్లు తేలికైతేనే కొంచెం పెంచండి.

మొన్న ఒక ఆదివారం తెల్లవారక ముందే కడప మీదుగా గువ్వలచెరువు ఘాట్ ఎక్కాను. లారీలు తిరిగే రోడ్డు కాబట్టి లైట్లు, రిఫ్లెక్టివ్ జాకెట్ తప్పనిసరి. పోయినసారి ఈ ఘాట్‌లో రెండుసార్లు కాలు కింద పెట్టాను. ఈసారి ఆగకుండా పైకి చేరాను. నా ఎఫ్‌టీపీ ఇప్పటికీ 180 వాట్లే!

పైన పాలకోవా తింటుంటే ఫోన్ మోగింది. ‘ఎలా అనిపించింది?’

‘హార్డ్’ అని నొక్కాను. ఇంటికొచ్చాక నాయన ఎప్పటిలాగే అడిగినాడు, ఎందాక పోయినావురా అని. జవాబుగా కోవా పొట్లం చేతిలో పెట్టాను.