మీకు తెలుసా? పెద్ద కార్లలో గేరు సంగతులు

1968లో ఇంగ్లండులో రోవర్ 3500 కొనడానికి వెళ్లినవాళ్లకు మాన్యువల్ గేరు అడిగినా దొరికేది కాదు. ఆటోమేటిక్ ఒక్కటే ఉండేది. హోదా కోసం అలా పెట్టారనుకుంటే పొరపాటు. 1963లో వచ్చిన రోవర్ 2000, అదే ఏడాది వచ్చిన ట్రయంఫ్ 2000 కలిసి అక్కడ 'ఎగ్జిక్యూటివ్ కారు' తరగతికి దారి వేశాయి. మేనేజర్లు, డాక్టర్లు, లాయర్లు కొనే బండ్లవి. ఐదేళ్ల తర్వాత రోవర్ వాళ్లు అదే బాడీలో మూడున్నర లీటర్ల వీ8 ఇంజన్ బిగించారు. అమెరికాలో బ్యూయిక్ వాడి మానేసిన అల్యూమినియం ఇంజన్ అది. దాని హక్కులను జనరల్ మోటార్స్ దగ్గర కొనుక్కున్నారు. తీరా చూస్తే, నాలుగు సిలిండర్ల ఇంజన్ కోసం చేసిన మాన్యువల్ గేర్‌బాక్స్ ఆ టార్క్‌కు ఆగేలా లేదు. అందుకే బోర్గ్-వార్నర్ ఆటోమేటిక్‌తోనే అమ్మారు. పాత గేర్‌బాక్స్‌ను గట్టిపరిచి, 3500ఎస్ పేరుతో మాన్యువల్ తెచ్చేసరికి 1971 వచ్చింది.

'మాన్యువల్ గట్టిది, ఆటోమేటిక్ సున్నితం' అనే మాట మన షెడ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. ఈ కారు దగ్గర మాత్రం బరువు మోసింది ఆటోమేటిక్కే.

*

గేరు మార్చేటప్పుడు పళ్లు కరకరలాడకుండా చూసే సింక్రోమెష్‌ను, క్లచ్ పెడలే అక్కర్లేని ఆటోమేటిక్‌ను మనకిచ్చినవాడు ఒక్కడే. ఆయన ఎర్ల్ థామ్సన్ అనే అమెరికన్ ఇంజనీరు. సింక్రోమెష్ 1928లో కాడిలాక్ కార్లలోకి వచ్చింది. అంతకుముందు గేరు పడాలంటే ఇంజన్ వేగాన్ని చెవితో అంచనా కట్టి, క్లచ్ రెండుసార్లు తొక్కాల్సి వచ్చేది. తర్వాత థామ్సన్ జనరల్ మోటార్స్‌లో హైడ్రామాటిక్ బృందాన్ని నడిపించాడు. నాలుగు గేర్ల ఆ పెట్టెను 1939లో ప్రకటించి, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌లో పెట్టారు. పెద్ద ఎత్తున తయారైన మొదటి పూర్తి ఆటోమేటిక్ అదే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఎం5 స్టువర్ట్ ట్యాంకులనూ అదే నడిపింది. యుద్ధమయ్యాక 1950లలో రోల్స్ రాయిస్ దాని లైసెన్సు తీసుకుని తన కార్లకు వాడుకుంది. ట్యాంకులో పనిచేసిన యంత్రం కోటీశ్వరుల బండిలోకి చేరడం నాకు ఎంతో ఇష్టమైన కథ.

*

మాన్యువల్, ఆటోమేటిక్‌లకు మధ్య మూడో దారి కూడా ఉండేది. 1955 పారిస్ ప్రదర్శనలో సిట్రోయెన్ డీఎస్ వచ్చింది. దానికి క్లచ్ పెడల్ లేదు. గేర్లను మాత్రం డ్రైవరే మార్చాలి, క్లచ్ పనిని హైడ్రాలిక్ పీడనం చూసుకునేది. స్టీరింగ్ వెనక పైభాగాన ఉండే సన్నని గేరు కాడను ఎడమకు నెడితే స్టార్టర్ తిరిగేది. స్టార్టు చేయడానికీ గేరుకీ ఒకటే కాడ కాబట్టి, గేరులో ఉన్న బండిని పొరపాటున స్టార్టు చేసే వీలే లేదు.

సాబ్ కార్లలో తాళం రెండు సీట్ల మధ్య ఉండేది. మాన్యువల్ బండైతే రివర్స్ గేరులో పెడితే తప్ప తాళంచెవి బయటకు వచ్చేది కాదు.

*

మైలేజీ విషయానికొద్దాం. ఆటోమేటిక్ ఎక్కువ తాగుతుందనే పేరు ఊరికే రాలేదు. ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు పెట్టి ఒకదాన్ని తిప్పితే ఆ గాలికి రెండోదీ తిరుగుతుంది కదా, టార్క్ కన్వర్టర్ పని కూడా అదే. గాలికి బదులు అక్కడ నూనె ఉంటుంది. మధ్యలో కొంత జారుడు తప్పదు. ఆ జారుడు వేడిగా మారుతుంది, ఆ మేరకు ఇంధనం వృథా. పైగా పాత పెట్టెల్లో ఉన్నవి మూడు నాలుగు గేర్లే.

బ్రిటన్‌లో ఇది నేరుగా జీతం మీద పడింది. కంపెనీ ఇచ్చే కారు మీద ఉద్యోగి కట్టే పన్నును 2002 ఏప్రిల్ నుంచి ఆ కారు వదిలే కార్బన్ డయాక్సైడ్‌తో ముడిపెట్టారు. ఒకే కారులో ఆటోమేటిక్ ఎక్కువ పొగ వదిలితే దాన్ని ఎంచుకున్నవాడికి ఏటా పన్ను ఎక్కువ. మనసు ఆటోమేటిక్ మీదున్నా చాలామంది లెక్క వేసుకుని మాన్యువల్ తీసుకోవాల్సి వచ్చిన రోజులవి.

లెక్క మారింది 2009 తర్వాత. జర్మనీలోని ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌కు చెందిన జెడ్‌ఎఫ్ కంపెనీ 8హెచ్‌పీ అనే ఎనిమిది గేర్ల పెట్టెను ఆ ఏడాది బీఎండబ్ల్యూ 760ఎల్ఐలో పెట్టింది. అందులో ఉన్నవి నాలుగు ప్లానెటరీ గేర్ సెట్లు, క్లచ్‌లూ బ్రేకులూ కలిపి అయిదు మాత్రమే. ఏ గేరులో ఉన్నా ఆ అయిదింటిలో తెరుచుకుని ఊరికే తిరిగేవి రెండే, కాబట్టి లోపలి రాపిడి తక్కువ. కదిలిన కాసేపటికే లాకప్ క్లచ్ పడి, కన్వర్టర్‌లో నూనె జారుడును దాదాపు ఆపేస్తుంది. ఆ తర్వాత చాలా మోడళ్లలో పన్ను పట్టీలో ఆటోమేటిక్ మాన్యువల్‌ను అందుకుంది, కొన్నింటిలో దాటిపోయింది కూడా. పెద్ద కార్లలో క్లచ్ పెడల్ మాయమవడానికి సోమరితనం కారణమంటే నేనొప్పుకోను. చేత్తో మార్చేదానికన్నా యంత్రం మార్చడమే పొదుపయ్యాక ఎవరైనా దాన్నే ఎంచుకుంటారు.

*

అయినా పెడల్ కోసం పట్టుబట్టినవాళ్లూ ఉన్నారు. బీఎండబ్ల్యూ ఎం5 అంటే నాలుగు తలుపుల ఆఫీసు కారు ఒళ్లో రేసింగ్ ఇంజన్. 1998లో వచ్చిన తరం ఆరు గేర్ల మాన్యువల్‌లో మాత్రమే దొరికేది. 2005 నాటి తరానికి వీ10 ఇంజన్, క్లచ్ పెడల్ లేని ఏడు గేర్ల ఎస్ఎంజీ పెట్టారు. గేరు మార్చే పని కంప్యూటర్‌ది. అమెరికా కొనుగోలుదారులు ఊరుకోలేదు, మాకు పెడల్ కావాలన్నారు. 2007 మోడల్ నుంచి ఉత్తర అమెరికా కోసం ప్రత్యేకంగా మాన్యువల్ తెచ్చారు. తర్వాతి తరంలోనూ అక్కడ మాన్యువల్ దొరికింది. 2017లో వచ్చిన తరంతో ఆ ముచ్చట ముగిసింది. పెడల్‌తోపాటు ముందు తరంలోని జంట క్లచ్‌ల పెట్టెనూ పక్కనపెట్టి, జెడ్‌ఎఫ్ వారి టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్‌కే వచ్చేశారు. ఒకప్పుడు వేగం తెలియని పెట్టె అని పేరుపడ్డదే చివరికి ఎం5లో కూర్చుంది!

*

మన దగ్గర 1995లో పుణేలో తయారైన మెర్సిడెస్ డబ్ల్యూ124 మాన్యువల్ గేరుతో తిరిగిన బండి. ఈ250డీ డీజిల్‌కు అయిదు గేర్లు. ఇవాళ బెంజ్, బీఎండబ్ల్యూ, ఆడి షోరూముల్లో కొత్త సెడాన్ అడిగితే ఆటోమేటిక్ తప్ప ఇంకోటి చూపించరు.

చిన్న కారులో ఏఎంటీ నడిపి, 'ఆటోమేటిక్ అంటే గేరు పడ్డప్పుడల్లా తల ఊగడమే' అనుకున్నవాళ్లకు ఒక మాట. 2014లో మారుతి సెలేరియోతో మన దేశంలోకి వచ్చిన ఏఎంటీ లోపల ఉండేది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పని, గేరు వేసే పని మోటార్లో హైడ్రాలిక్కో చేస్తాయి, అంతే తేడా. పెద్ద కార్లలో టార్క్ కన్వర్టర్ వేరే యంత్రం. ఒకదాన్ని చూసి ఇంకోదానికి మార్కులు వేయకండి.

*

లైసెన్సు సంగతి బ్రిటన్ వెళ్లేవాళ్లు తప్పక తెలుసుకోవాలి. అక్కడ పరీక్ష ఆటోమేటిక్‌లో ఇస్తే, వచ్చే లైసెన్సుతో మాన్యువల్ నడపడం కుదరదు. హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి క్లచ్ తొక్కినవాళ్లకైనా అంతే. జర్మనీ మాత్రం 2021 ఏప్రిల్ నుంచి దారి ఇచ్చింది. మాన్యువల్ మీద 45 నిమిషాల పాఠాలు పది తీసుకుని, డ్రైవింగ్ స్కూల్లో చిన్న పరీక్ష గట్టెక్కితే, అసలు పరీక్ష ఆటోమేటిక్‌లో ఇచ్చినా రెండూ నడుపుకోవచ్చు.

*

తిరుమల నుంచి దిగేటప్పుడో, అరకు నుంచి అనంతగిరి మీదుగా వచ్చేటప్పుడో కొందరు ఆటోమేటిక్‌ను న్యూట్రల్‌లో వదిలేస్తారు, పెట్రోలు మిగులుతుందని. దయచేసి ఆ పని చేయకండి. ఇప్పటి ఇంజన్లలో గేరు వేసి ఉండగా యాక్సిలరేటర్ వదిలేస్తే, ఇంజన్ కొంత వేగంగా తిరుగుతున్నంతసేపు ఇంధనం పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో వేస్తే ఐడ్లింగ్ కోసం మళ్లీ తాగుతుంది. అంటే మిగిలేదేమీ లేదు, పైగా బండి బరువంతా బ్రేకుల మీద పడుతుంది. అవి వేడెక్కి పెడల్ లోపలికి పోతే ప్రాణం మీదికొస్తుంది. లివర్‌ను మాన్యువల్ మోడ్‌లోకి తోసి, రెండో గేరో మూడో గేరో పట్టి ఉంచండి. ఇంజనే బండిని ఆపుతూ దిగుతుంది.

*

సెకండ్ హ్యాండ్‌లో పెద్ద కారు చూస్తున్నారా? గేర్‌బాక్స్ ఆయిల్ గురించి అడగండి. 'జీవితాంతం మార్చక్కర్లేదు' అనే మాట చాలా కంపెనీల పుస్తకాల్లో ఉంటుంది. పెట్టెను తయారుచేసే జెడ్‌ఎఫ్ మాత్రం 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్లలోపు మార్చమంటుంది. నేను తయారీదారు మాటే వింటాను.

ఆ పని ఎలా చేస్తారో కూడా చూడండి. ఈ పెట్టెలకు చాలావాటిలో డిప్‌స్టిక్ ఉండదు. ఆరు గేర్ల జెడ్‌ఎఫ్‌లో ఫిల్టరు కింది ప్లాస్టిక్ సంప్‌లోనే కలిసి ఉంటుంది, కాబట్టి సంప్ మొత్తం మార్చాలి. బండిని సమంగా పైకెత్తి, ఇంజన్ నడుస్తుండగా, నూనె వేడి 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు, నింపే రంధ్రం నుంచి నూనె సన్నగా బయటకు కారేదాకా పోయాలి. వేడి ఎంతుందో స్కానర్‌లో చూడకుండా, డబ్బాల లెక్కన పోసే షెడ్డుకు మీ బండి ఇవ్వకండి.

కొనేముందు ఒక పరీక్ష ఉంది. అమ్మేవాళ్లు ముందే స్టార్ట్ చేసి ఉంచిన బండి కాకుండా, రాత్రంతా ఆగిన చల్లటి బండి చూడండి. బ్రేకు తొక్కి డీలోకి, అక్కడి నుంచి ఆర్‌లోకి మార్చండి. గేరు పట్టడానికి సెకను పైన తీసుకున్నా, కింద 'ధడ్' మని కొట్టినా, మెకానిక్‌ను పిలిచి పెట్టె చూపించాకే ధర మాట్లాడండి. మాన్యువల్ బండైతే హ్యాండ్‌బ్రేక్ వేసి, మూడో గేరులో క్లచ్‌ను మెల్లగా వదలండి. ఇంజన్ వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ ప్లేటు అరిగిపోయినట్టే. పెద్ద డీజిల్ సెడాన్లలో ఆ ప్లేటుతోపాటు డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ కూడా పోయి ఉండొచ్చు, దాని ఖరీదు ప్లేటుకన్నా చాలా ఎక్కువ. రెండింటి అంచనా రాయించుకుని, ఆ మొత్తం ధరలో తగ్గించమనండి.