అందరి తర్వాత తినే తల్లి

రాయలసీమలోని బుక్కపట్నం చెరువు విజయనగర రాజుల కాలం నాటిది. చిత్రావతి పారితేనే దానికి నీళ్లు. వానను నమ్ముకుని చెనక్కాయలు వేసే ఈ సీమలో తల్లుల ఓర్పును మెచ్చుకోని వాళ్లుండరు. ఆ తల్లి ఒంట్లో రక్తం ఎంతుందని అడిగేవాళ్లే తక్కువ.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో సుమారు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. మెట్లెక్కితే ఆయాసం, పొద్దు గూకకముందే నీరసం, పిల్లల మీద చిరాకు. ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకం అంటారు, ఆమె కూడా అదే అనుకుంటుంది.

సంగటి తింటే బలం కదా అనొచ్చు. నిజమే, వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఇనుము మాత్రం అంత సులువుగా ఒంటికి పట్టదు, గింజలోని ఫైటేట్లు దాన్ని పట్టి ఉంచుతాయి. రాగులను మొలకెత్తించి పిండి పట్టిస్తే ఆ పట్టు కొంత సడలుతుంది. సంగటిలోకి ఆకుకూర పప్పు వండి నిమ్మకాయ పిండుకున్నా మేలే. అన్నం తిన్న వెంటనే తాగే టీ ఈ మేలును చాలావరకు చెడగొడుతుంది.

అసలు చిక్కు వడ్డన దగ్గరుంది. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీల దాకా అదనంగా కావాలి. మొగుడు, పిల్లలు, అత్తమామలు తిన్నాక గిన్నెలో మిగిలేది మాత్రం చారూ, అడుగున అంటిన సంగటీ! ఇంటికి సరుకులిస్తే అవీ అందరి కంచాల్లోకీ పోతాయి. 2013లో మొదలైన అమృతహస్తం పథకం ఈ సంగతిని బాగా పసిగట్టింది. గర్భిణులు, బాలింతలు అంగన్‌వాడీకే వచ్చి అన్నం, పప్పు, గుడ్డు, పాలు అక్కడే తీసుకోవాలన్నది దాని పద్ధతిగా ఉండేది. పొలం పనికో, ధర్మవరంలో మగ్గం పనికో వెళ్లే తల్లికి మధ్యాహ్నం అక్కడిదాకా రావడమే కష్టమయ్యేది, అది వేరే సంగతి.

ఇక ఐరన్ మాత్రలు. గర్భంతో ఉండగా 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు రోజుకొకటి వేసుకోవాలి. రెండు రోజులు మింగగానే విరేచనం నల్లగా అవుతుంది, కడుపులో తిప్పుతుంది. "ఈ మాత్రలతో బిడ్డ లావైతే కాన్పు కష్టమమ్మా" అని పెద్దావిడ ఒక మాటంటే చాలు, మిగతా మాత్రలు గూట్లోనే ఉండిపోతాయి. నలుపు రంగు మాత్రదేననీ, భయపడక్కర్లేదనీ, అన్నం తిన్నాక వేసుకుంటే తిప్పడం తగ్గుతుందనీ ఆశా కార్యకర్త చెప్పాలి. కోడలికి ఒక్కదానికే కాదు, అత్తను పక్కన కూర్చోబెట్టుకుని మరీ.