చేతికి అందివచ్చే పాత్ర

వాక్యభాగము: 2 తిమోతి 2:20, 21, ఫిలేమోను 10–18



ఇంగ్లీషులో 'కమ్ ఇన్ హ్యాండీ' అనే మాట ఉంది. హ్యాండ్ అంటే చేయి. అవసరమైన వేళ చేతికి అందివచ్చి ఉపయోగపడటం అని దాని భావము. "పారేయకమ్మా, ఎప్పుడైనా అక్కరకొస్తుంది" అని మన పెద్దలు అంటారే, అదే ఇది.

మన ఉదయగిరి చెక్క గరిటెలను చూడండి. కొండమీది నర్ది, బిక్కి చెట్లను చూచి గరిటె అని ఎవరనుకుంటారు? కోసి, చెక్కి, నునుపు చేసిన తరువాతే ఆ కొయ్య వంటింట్లో చేతికి అందుతుంది. భౌగోళిక గుర్తింపు పొందినంత చక్కని పనితనమది.

గొప్ప ఇంటిలో బంగారు, వెండి పాత్రలే కాక కర్రవి, మంటివి కూడ ఉంటాయని పౌలు తిమోతికి వ్రాశాడు. తన్ను తాను పవిత్రపరచుకొనేవాడే యజమానుని వాడుకకు తగిన పాత్ర అవుతాడు. నీవు బంగారమా కర్రా అని కాదు, శుభ్రముగా ఉన్నావా అన్నదే ప్రశ్న.

మార్కును జ్ఞాపకము చేసుకొనండి. పంఫూలియలో పని విడిచి వెళ్లిపోయాడని పౌలు అతనిని మరల వెంటబెట్టుకొని పోనొల్లలేదు. బర్నబా మాత్రము అతనిని చేరదీసి కుప్రకు తీసికొని వెళ్లాడు. చివరికి అదే పౌలు, మార్కు పరిచర్యకు ప్రయోజనకరుడు, తీసికొని రమ్మని కోరాడు (2 తిమోతి 4:11). బర్నబా వంటివాడు ఒక్కడు లేకపోతే మార్కు ఏమైపోయేవాడు?

అయితే ఒక హెచ్చరిక. 'హ్యాండీ' అనే మాట వస్తువులకు సరిపోతుంది, మనుష్యులకు అది చాలదు. ఒనేసిము పేరుకు ప్రయోజనకరుడని అర్థము. ఒకప్పుడు నిష్‌ప్రయోజకుడైన అతడు ఇప్పుడు ప్రయోజనకరుడయ్యాడని పౌలు వ్రాశాడు గాని, అక్కడితో ఆగలేదు. దాసునిగా కాక ప్రియ సహోదరునిగా చేర్చుకొమ్మన్నాడు. అతడు బాకీ ఉంటే తన లెక్కలో వేయమన్నాడు. మన బాకీని ప్రభువు సిలువలో తీర్చినది ఇలాగే కదా!

ప్రియులారా, పడిపోయి తిరిగివచ్చి, ఆదివారము వెనుక చాపమీద తలవంచుకొని కూర్చున్న యౌవనుని "ఎందుకూ పనికిరాడు" అంటున్నామా? మంచానపడి ఏ పనీ చేయలేని తల్లిని భారమనుకుంటున్నామా? ఉపయోగపడితేనే ప్రేమించుట లోకపు లెక్క. దేవుడు మొదట ప్రేమిస్తాడు, ఆ ప్రేమే మనలను ఉపయోగపడేవారిగా చెక్కుతుంది.

ఈ వారము అటువంటి ఒక్కరి యింటికి వెళ్లి పలుకరించండి. ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.