దుప్పటి ఎత్తి చూసేదెవరు?

"దప్పి" అంది మా అమ్మ. ఆయా వచ్చి దిండు సర్ది పోయింది. కాసేపటికి మళ్ళీ "దప్పి" అంది. ఈసారి వచ్చి ఫ్యాను వేసింది. ఆ పిల్లది ఒడిశా. పనిలో చేరి మూడు నెలలు. కన్నడమే నాలుగు ముక్కలు వచ్చు, తెలుగు బొత్తిగా రాదు. మా అమ్మకేమో తెలుగు తప్ప ఇంకో భాష తెలీదు. నేను తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్నాను. బెంగళూరులో నెలకు ముప్పై వేలు కట్టించుకునే ఆ చోట, గ్లాసెడు నీళ్ళ కోసం మా అమ్మ నోరు ఎండబెట్టుకొని కూర్చుంది.

మాది కర్ణాటకలో బాగేపల్లి తాలూకా పాతపాళ్య. మా దగ్గర బోర్డులు కన్నడంలో, బడి కన్నడంలో. ఇంట్లో, సంతలో, చెనక్కాయ చేలో మాటలన్నీ తెలుగులో. నేను ఆరోగ్య శాఖలో ఏఎన్‌ఎం నర్సుగా ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాను. చుట్టుపక్కల పల్లెల్లో నా పేరు చెబితే ఎవరికీ తెలీదు, నర్సమ్మ అంటే ఇల్లు చూపిస్తారు. అమ్మకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాక, డాక్టర్లు దగ్గరుంటారు కదా అని మా తమ్ముడు బెంగళూరులో ఒక కేర్ హోమ్‌లో చేర్చాడు. వాడిది, మరదలిది ఇద్దరిదీ ఉద్యోగం. తప్పు పట్టలేను.

ఆ రోజు నీళ్ళు నేనే తాగించి, దుప్పటి మార్చబోయాను. నడుము కింద, వెన్నుపూస ముగిసే చోట, రూపాయి బిళ్ళంత పుండు. చర్మం చిట్లి లోపలి ఎరుపు కనబడుతోంది. మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పకపోతే ఎముక ఒత్తిడికి అక్కడ రక్తం ఆడదు. మొదట చర్మం ఎర్రబడుతుంది, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోదు. అప్పుడే పట్టుకుంటే ఆగుతుంది. పట్టించుకోకపోతే ఎముక దాకా తినేస్తుంది. దీన్నే పడకపుండు అంటాం.

మంచం కాళ్ళ దగ్గర ఒక చార్టు వేలాడుతోంది. రెండు గంటలకు ఒకసారి తిప్పినట్టు ప్రతి గడిలో టిక్కులు, పక్కన పొట్టి సంతకాలు. ఒకే పెన్ను, ఒకే చేతిరాత. నేను గోడ గడియారం చూశాను. మధ్యాహ్నం మూడున్నర. చార్టులో నాలుగు గంటల గడి నిండి ఉంది. ఆరు గంటల గడి కూడా నిండి ఉంది.

మేనేజరును అడిగాను. "మేడమ్, పోయిన నెలే ఇన్‌స్పెక్షన్ అయింది. అన్నీ కరెక్టుగా ఉన్నాయని రాసి పోయినారు" అన్నాడు. అబద్ధం చెప్పాడని నేననుకోను. వచ్చినవాళ్ళు రిజిస్టరు చూసి ఉంటారు. రిజిస్టరు కరెక్టుగానే ఉండి ఉంటుంది.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. నేను కూడా అటువైపు నిలబడ్డదాన్నే. పైఅధికారి రేపు వస్తున్నాడని సాయంత్రం ఫోను వస్తే, రాత్రంతా కూర్చుని పాత గడులు నింపిన రోజులు నాకూ ఉన్నాయి. చెప్పి వచ్చే తనిఖీకి ఏం చూపించాలో తెలియనివాళ్ళు ఎవరూ ఉండరు.

ఒక పేరు, రెండు చట్టాలు

అసలు అమ్మ ఉన్నలాంటి చోటును ఏమనాలి? మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే చింతామణిలోనో బాగేపల్లిలోనో పది ఇరవై పడకలున్న ప్రైవేటు ఆస్పత్రి. కాన్పులకు, అపెండిసైటిస్ ఆపరేషన్లకు పోయే చోటు. అమెరికాలో అదే మాటకు అర్థం వేరు. తమ పని తాము చేసుకోలేని ముసలివాళ్ళను ఏళ్ళ తరబడి ఉంచుకొని చూసుకునే చోటు అది. మన ఊళ్ళల్లో దాన్ని వృద్ధాశ్రమం అంటాం, నగరంలో కేర్ హోమ్ అంటున్నారు.

పేరు మారితే చట్టం కూడా మారుతుంది. కర్ణాటకలో ప్రైవేటు ఆస్పత్రులకు 2007 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం ఉంది. కేపీఎంఈ అని అందరూ అనేది దీన్నే. జిల్లాధికారి (డీసీ) అధ్యక్షతన ఉండే ప్రాధికారం దగ్గర ప్రతి ప్రైవేటు ఆస్పత్రీ రిజిస్టరు చేసుకోవాలి, జిల్లా ఆరోగ్యాధికారి (డీహెచ్‌ఓ) దానికి సభ్య కార్యదర్శి. 2017లో ఈ చట్టాన్ని సవరించి రోగుల హక్కులు చేర్చినప్పుడు రాష్ట్రమంతా ప్రైవేటు డాక్టర్లు సమ్మె చేశారు. చనిపోయిన మనిషి శవాన్ని బిల్లు కోసం ఆపుకోకూడదనే నియమం అప్పుడు వచ్చిందే.

వృద్ధాశ్రమాల సంగతి వేరే చట్టంలో ఉంది. అది కూడా 2007దే, కేంద్రం చేసిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం. దిక్కులేని వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒకటి, 150 మందికి సరిపోయే ఆశ్రమం రాష్ట్ర ప్రభుత్వం పెట్టవచ్చని అందులో ఉంది. కర్ణాటకలో దీన్ని చూసేది ఆరోగ్య శాఖ కాదు, వికలాంగుల, వయోవృద్ధుల సాధికారత శాఖ.

చిక్కు ఇక్కడే వస్తుంది. మా అమ్మ ఉన్న హాల్లో ముగ్గురికి ముక్కుగొట్టం ఉంది. అయిదుగురికి మూత్రం గొట్టం. ఇద్దరికి రోజూ ఇన్సులిన్ సూది. ఇది ఆస్పత్రి పనే. బయట బోర్డు మీద మాత్రం ఆశ్రమం అని ఉంది. ఆశ్రమాలను చూసే అధికారికి మూత్రం గొట్టం ఎప్పుడు మార్చాలో తెలియాల్సిన పని లేదు. ఆస్పత్రులను చూసే అధికారి ఆశ్రమం గేటు దాకా రావాల్సిన పని లేదు. మా అమ్మ పుండు ఈ ఇద్దరి మధ్య సందులో పడింది.

ఈ సందు పూడ్చాలని ఢిల్లీలో ఎవరికీ తట్టకపోలేదు. 2019 డిసెంబరులో ఆ వయోవృద్ధుల చట్టానికి సవరణ బిల్లు లోక్‌సభకు వచ్చింది. వృద్ధుల సంరక్షణ కేంద్రాలన్నీ, ఇంటికి వచ్చి సేవచేసే ఏజెన్సీలతో సహా, రిజిస్టరు కావాలనీ, వాటికి కనీస ప్రమాణాలు ఉండాలనీ అందులో రాశారు. స్థాయీ సంఘానికి పంపారు. 2024లో లోక్‌సభ రద్దుతో బిల్లు కూడా మురిగిపోయింది.

చెప్పకుండా వచ్చేవాళ్ళు

మా అన్న కూతురు అమెరికాలో ఇలాంటి హోమ్‌లోనే నర్సు. అమ్మ పుండు సంగతి చెప్పుకొని ఏడిస్తే, అది తన పనిచోటు కథ చెప్పింది. "అత్తా, మా దగ్గర ఇన్‌స్పెక్టర్లు ఎప్పుడొస్తారో మా మేనేజరుకు కూడా తెలీదు. ఒక్కోసారి ఆదివారం వస్తారు, ఒక్కోసారి తెల్లారకముందే గేటు దగ్గరుంటారు. రాగానే ముసలివాళ్ళ దగ్గర కూర్చుంటారు, ఫైళ్ళు తర్వాత."

అక్కడ 1987లో ఒక చట్టం చేశారు. దాని ప్రకారం ప్రతి హోమ్‌నూ 15 నెలలు దాటకుండా తనిఖీ చేయాలి, చెప్పకుండా రావాలి. ముందుగా ఉప్పందించినవాళ్ళకు 2,000 డాలర్ల దాకా జరిమానా అని చట్టంలోనే రాశారు. వచ్చినవాళ్ళు మందులిచ్చే నర్సు వెనకాలే నడుస్తారు. ఏ మాత్ర ఎవరికి, ఎప్పుడు, తిండికి ముందా తర్వాతా అని లెక్క పెడతారు. తప్పులు నూటికి అయిదుకు చేరితే అది లోపమే. ఒక మనిషికీ ఇంకో మనిషికీ మధ్య చెయ్యి కడుక్కున్నారా, కొళాయిలో వేడినీళ్ళు చర్మం కాలేంత ఉన్నాయా, పుండుకు కట్టు ఎలా కడుతున్నారు, అన్నీ కళ్ళారా చూస్తారు. దొరికిన ప్రతి లోపానికీ ఏ నుంచి ఎల్ దాకా పన్నెండు అక్షరాల్లో ఒకటి వేస్తారు. ఎంత హాని, ఎంతమందికి అన్నది ఆ అక్షరం చెబుతుంది. చివరి మూడింటిలో ఏది వచ్చినా ప్రాణాపాయం అన్నట్టే. ఆ రిపోర్టును లోపలికి వచ్చే ఎవరైనా చదివేలా హోమ్‌లోనే అందుబాటులో పెట్టాలి.

అలాగని అమెరికాలో అంతా సవ్యంగా ఉందని కాదు. 2017 సెప్టెంబరులో ఇర్మా తుఫాను ఫ్లోరిడాను కొట్టినప్పుడు, హాలీవుడ్ అనే ఊళ్ళో ఒక నర్సింగ్ హోమ్‌లో ఏసీ ఆగిపోయింది. ఉక్కపోతకు 12 మంది వృద్ధులు చనిపోయారు. రోడ్డుకు అవతలే పెద్దాస్పత్రి, అక్కడ ఏసీ పనిచేస్తోంది. దాటించాలన్న ఆలోచన ప్రాణాలు పోవడం మొదలయ్యాక గానీ రాలేదు. అంత పద్ధతిగా తనిఖీ చేసే దేశంలోనే ఇలా జరిగితే, చార్టు చూసి పోయే చోట ఏం జరుగుతుందో వేరే చెప్పాలా?

తాళం చెవి ఎవరి దగ్గర?

మన వైపు ఏం జరిగిందో గుర్తు చేసుకుంటే చాలు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో ఒక మానసిక రోగుల ఆశ్రమానికి తెల్లవారుజామున నిప్పంటుకుంది. లోపలివాళ్ళను గొలుసులతో కట్టి ఉంచారు. పరిగెత్తే వీలు లేక 28 మంది చనిపోయారు. దేశమంతా ఉలిక్కిపడింది, సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం గొలుసు వేయడాన్ని నిషేధించింది. అయినా 2020 జనవరిలో హైదరాబాద్ శివారు నాగారంలో ఒక ఆశ్రమానికి పోలీసులు వెళ్తే, వృద్ధులు, మానసిక రోగులు కలిపి 73 మంది అధ్వాన స్థితిలో దొరికారు. కొందరికి గొలుసులు ఉన్నాయి.

పెద్ద ఆస్పత్రులకు కూడా అగ్నిప్రమాదాలు తప్పలేదు. 2011 డిసెంబరు 9న కోల్‌కతాలో ఏఎంఆర్‌ఐ ఆస్పత్రి సెల్లారులో మంటలు లేచాయి. బండ్లు నిలపాల్సిన చోట తగలబడే సామాన్లు పోగేశారు. పొగ ఏసీ గొట్టాల వెంట పై అంతస్తులకు పాకింది. గోడలన్నీ అద్దాలే, తెరుచుకునే కిటికీలు లేవు. దాదాపు 90 మంది, ఎక్కువగా లేవలేని రోగులే, పొగకు ఉక్కిరిబిక్కిరై పోయారు. 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ కేంద్రంగా మార్చిన స్వర్ణ ప్యాలెస్ హోటల్లో మంటలు రేగి కనీసం పది మంది చనిపోయారు.

ఇవన్నీ తలుచుకొని, అమ్మను చూసి వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ హాల్లో ఇరవై రెండు మంచాలు. రాత్రిపూట ఒకే ఆయా. మతిమరుపు ఉన్నవాళ్ళు బయటికి పోతారని మెట్ల దగ్గర గ్రిల్లుకు తాళం. తాళం చెవి కింద వాచ్‌మన్ జేబులో. గోడకు ఎర్ర సిలిండరు ఉంది, దాని మీద తేదీ కూడా సరిగ్గానే ఉంది. తనిఖీకి వచ్చినవాళ్ళు ఆ తేదీ చూసే ఉంటారు. చెవి ఎవరి దగ్గరుందని అడిగి ఉంటారా?

మనం చేయగలిగింది

అమ్మను ఇంటికి తెచ్చుకున్నాం. పుండు మానడానికి పదకొండు వారాలు పట్టింది. నాకు కట్టు కట్టడం వచ్చు, రిటైరయ్యాను, ఇల్లుంది. అందరికీ ఇది కుదరదు. మా హోబళిలోనే, అంటే మా చుట్టుపక్కల పల్లెల్లోనే, ఎన్నో ఇళ్ళల్లో పిల్లలంతా బెంగళూరు చేరారు, ముసలివాళ్ళు బర్రెను, ఇంటిని కాచుకొని ఉన్నారు. రేపు వాళ్ళు మంచాన పడితే హోమ్ తప్పదు. హోమ్‌లో పెట్టడం పాపం కాదు. పెట్టి వారానికి ఒక ఫోనుతో సరిపెట్టుకోవడమే ప్రమాదం.

అందుకని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇది. చేర్చకముందు ఒకసారి రాత్రి ఎనిమిది తర్వాత వెళ్ళండి. ఎంతమందికి ఎంతమంది ఆయాలున్నారో లెక్కపెట్టండి. గ్రిల్లు చెవి అడగండి, మీ ముందే తాళం తీయించండి. బాత్రూములో పట్టుకునే కమ్మీ ఉందా, నేల తడిగా ఉందా చూడండి. మంచం పక్కన నీళ్ళు చెయ్యి అందే దూరంలో ఉన్నాయా చూడండి. మీ అమ్మ మాట్లాడే భాష వచ్చినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా అడగండి. లేకపోతే దప్పి, నొప్పి, ఒంటికి పోవాల లాంటి పది మాటలు పెద్ద అక్షరాలతో, బొమ్మలతో రాసి మంచం దగ్గర అతికించండి. చేర్చాక ఎప్పుడు వెళ్ళినా మడమలు, తుంట్లు, నడుము కింద చూడండి. పోయినసారి తనిఖీ రిపోర్టు చూపించమనండి. చూపించకపోతే అదే మీకు జవాబు.

తేడా కనబడితే 14567కు ఫోను చేయండి. అది వృద్ధుల కోసం పెట్టిన జాతీయ హెల్ప్‌లైన్, డబ్బు పడదు. పిల్లలు వదిలేసిన తల్లిదండ్రులైతే అసిస్టెంట్ కమిషనర్ దగ్గరి ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు.

అధికారులకు నాదొక్కటే మనవి. మీరు ఎప్పుడొస్తారో ఎవరికీ చెప్పకండి. వచ్చాక రిజిస్టరు కంటే ముందు దుప్పటి ఎత్తి చూడండి. చూసింది రాసి, ఆ కాగితం గేటు దగ్గర కన్నడంలో, మా వైపైతే తెలుగులో కూడా, అతికించి పొండి.